దుమ్మంత నీలం

అరసెకనుకి దుమ్మంటే గిట్టదు. లోకంలో ఒకరికి పామంటే భయం, ఒకరికి పై అధికారంటే భయం. అతనికి దుమ్ము. నలభై ఏళ్ళుగా చేతిగడియారాలు బాగుచేస్తున్న మనిషి మరి, ఆ భయంలో తప్పేముంది? కంటికి ఆనని నలుసొకటి చక్రాల మధ్య దూరిందంటే ఎంత గొప్ప గడియారమైనా నడక మానేస్తుంది. అందుకని బల్లమీద ఏది పెట్టినా అతను ముందు చేసే పని ఒకటే. నొక్కితే గాలి కొట్టే రబ్బరు బుడ్డి అందుకుని, దుమ్మంతా పక్కనున్న కిటికీలోంచి బయటికి పోయేలా రెండుసార్లు ఊదుతాడు. ఆ తర్వాతే కంటికి భూతద్దం బిగిస్తాడు. భోజనానికి కూర్చున్నప్పుడు కూడా తమ్ముడి చెయ్యి బుడ్డి కోసం తడుముకుంటుందని అక్క వేళాకోళం చేసేది.

అరసెకను అనే పేరు అతనికి తన కొట్టుకి ఎదురుగా ఉన్న బ్యాంకు వల్ల వచ్చింది. గోడ గడియారం అరసెకను వెనకబడిందని ఒకసారి మేనేజరుతో పంతానికి దిగాడు. పనులు మానుకుని గుమాస్తాలంతా రేడియో దగ్గర మూగారు. గంట కొట్టేసరికి అతని మాటే నెగ్గింది. ఆనాటి నుంచి అసలు పేరు కరెంటు బిల్లుకి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది. టైం విషయంలో గానీ మరే విషయంలో గానీ అతను అబద్ధం చెప్పగా విన్నవాళ్ళు లేరు. ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కాసేపట్లో చెప్పబోతున్నాడు.

వీధిలోని కొట్టు వదిలేశాక, రెండో అంతస్తులో అక్కతో కలిసి ఉంటున్న ఇంట్లోనే వెనక కిటికీ పక్కన బల్ల వేసుకున్నాడు. పెళ్ళి ఊసు ఇద్దరి జీవితాల్లోకీ వచ్చింది, కాసేపు కూర్చుంది, లేచి వెళ్ళిపోయింది. అక్క దారాల కొట్టులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ఎవరైనా గుడ్డముక్క తెచ్చి దీనికి సరిపోయే దారం కావాలంటే, ఒక్క చూపు చూసి, మొహం వాళ్ళవైపు ఉండగానే చెయ్యి వెనక్కి పెట్టి సరైన ఉండ తీసేది. ఆ కొట్టులో నీలాలే నలభై మూడు రకాలు. నలభై మూడూ ఆమెకి తోబుట్టువుల్లా తెలుసు.

అటువంటి మనిషి ఒక పూవు దగ్గర ఓడిపోయింది. ఆ పూవు లొబీలియా. చిటికెన వేలి గోరంత ఉంటుంది. కింద మూడు రేకులు, పైన రెండు చిన్న చెవులు, నడిమధ్య తెల్లటి చుక్క. విడిగా చూస్తే ఏముందీ అనిపిస్తుంది. కుండీ అంచు మీదుగా వందలకొద్దీ జారినప్పుడు మాత్రం నోట మాట రాదు. ముందు వరండా కమ్మీ పొడవునా అక్క కుండీలు కట్టింది. పద్దెనిమిదేళ్ళ పాటు ప్రతి ఏడూ పూలన్నిట్లోకీ తన మనసుకి నచ్చిన నీలం ఏ మొక్కదో చూసి, దాని గింజలు మాత్రమే దాచింది. అలా దాచగా దాచగా తేలిన నీలం అది, ఏ విత్తనాల కొట్టులోనూ దొరికేది కాదు. ఇది నలభై నాలుగో నీలం, రంగులద్దేవాళ్ళకి ఇంకా చేతకాలేదు అనేది.

తర్వాత ఆమె కళ్ళకి నీటికాసులు వచ్చాయి. చూపు పక్కల నుంచి మూసుకొస్తూ మధ్యకి చేరింది. మొదట గుమ్మాలు తగిలాయి, తర్వాత మెట్లు మాయమయ్యాయి. ఒకసారి మెట్ల మీద తూలి పడబోయింది. అప్పటినుంచి ఏడాదిగా కిందికి దిగలేదు. మిగిలింది సన్నటి గొట్టంలోంచి చూసినంత చూపు. ఆ ఎండాకాలంలో కమ్మీ చివరి కుండీలతో మొదలై ఒక్కొక్కటీ ఆమె చూపు దాటిపోయాయి, వాటికి నీళ్ళు అందలేదు. లొబీలియాకి ఒక్కరోజు గొంతెండితే చాలు, అలిగి పోతుంది. వరుస మొత్తం ఎండిపోయాక, వేళ్ళతో తడిమి తడిమి కాయలు ఏరి, చిన్న కాగితం పొట్లం కట్టింది. ఆ నీలం మొత్తం లోకంలో ఇక ఆ పొట్లంలోనే ఉంది.

చలి మొదలయ్యే వేళకి ఒక కన్ను పూర్తిగా పోయింది, చూపు మిగిలిన రెండో కంటికి ఆపరేషన్ చేశారు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కొంతకాలం నిలబెట్టడానికి మాత్రమేనని, ఆ కొంతకాలం ఏడాదికి మించకపోవచ్చని డాక్టరు దాచకుండా చెప్పాడు. మూడు వారాలు తల వంచకూడదు, మట్టి ముట్టకూడదు. విత్తనం చల్లే అదను మాత్రం అదే. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని అక్క ఒకే ఒక మాట అడిగింది. "నా నీలం ఇంకొక్కసారి చూసుకుని, ఆ తర్వాత కళ్ళు మూసుకుపోతే పోనీరా. చూపిస్తావా?"

చూపిస్తానన్నాడు. ఎలా చల్లాలో ఆమె చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నాకా చెబుతావు, ఇంతకంటే చిన్నవాటితో నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను అన్నాడు. తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మర్నాడు పొద్దున బల్లమీద తెల్ల కాగితం పరిచి పొట్లం విప్పాడు. గోధుమరంగులో పొట్టలు పగిలిన చిన్న చిన్న గుల్లలు కనిపించాయి. వాటి కింద బోలెడంత దుమ్ము. పాపం అక్కకి చూపు ఆనక దుమ్ముతో సహా మూట కట్టేసింది అనుకుని జాలిపడ్డాడు. ఆ జాలితోనే బుడ్డి అందుకున్నాడు. రెండుసార్లు కాదు, అక్క మీద గౌరవం కొద్దీ ఆరుసార్లు ఊదాడు. కాగితం అద్దంలా అయింది. అప్పుడు భూతద్దం బిగించి, సన్న పట్టకారు లాంటి శ్రావణంతో ఒక్కొక్క గుల్లనీ పట్టి, గుండ్రటి కుండీలో గడియారం అంకెల చోట్లు గుర్తుపెట్టుకుని, చోటుకి అయిదు చొప్పున అరవై గుల్లలు సమానమైన లోతులో నాటాడు. ఒకటి మిగిలితే మధ్యలో, ముళ్ళు బిగించే చోట పెట్టాడు. అంత అందంగా ఎవరూ ఎప్పుడూ తొక్కలు నాటి ఉండరు.

అవి తొక్కలే. ఊదేసిన దుమ్ము లొబీలియా గింజలు. ఆవగింజలో అరవయ్యో వంతు అని మనం మాటవరసకి అంటాం, ఆ గింజ నిజంగా అంతే ఉంటుంది.

ఆ సంగతి తెలియక అతను ఆ కుండీని కంటికి రెప్పలా కాచాడు. పైనుంచి నీళ్ళు పోస్తే చెల్లాచెదురవుతాయి, పళ్ళెంలో నీళ్ళుపోసి కుండీని అందులో కూర్చోబెట్టు అని అక్క కంటికి కట్టుతోనే మంచం మీంచి చెప్పేది. అలాగే చేశాడు. వెలుగు కావాలి గానీ ఎండ మొహాన కొట్టకూడదంది. పూటపూటకీ కుండీ జరిపాడు. రెండు వారాలయింది. మొలకలు వచ్చాయా అని అడిగింది. ఇంకా లేదన్నాడు. మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. నాలుగోరోజున ఆమె గొంతులోని ఆశ విని తట్టుకోలేక, వచ్చాయి అనేశాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతనికి అలవాటు లేదు కదా, మరీ అతికించాడు. మొలక గడియారంలోని వెంట్రుక స్ప్రింగంత సన్నంగా ఉందన్నాడు, మర్నాటికి ఆకులు రెండయ్యాయన్నాడు. అక్క సంతోషంతో ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది. అతనికి ఒక్క ముద్ద కూడా దిగలేదు.

మూడు వారాలు నిండి కట్టు విప్పిన రోజున కుండీ తెచ్చి ఒళ్ళో పెట్టమంది. పెట్టాడు. చూపు గొట్టంలోంచి మట్టిని కొసాకొసా వెతికింది. చాలాసేపు పట్టింది. అతను పారిపోకుండా పక్కనే నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచిరా తప్పు టైం చూపిస్తున్నావు?" అంది చివరికి.

మొత్తం చెప్పేశాడు. గుల్లలు ఒక్కొక్కటీ ఎలా నాటిందీ చెప్పాడు. ఒక్కొక్కటీనా, ఆ గింజని ఒక్కొక్కటిగా పట్టుకోవడం పుట్టించినవాడి వల్ల కూడా కాదే, ఏం నాటావు అని ఆమె అడిగింది. ఎలా ఉన్నాయో చెప్పాడు. ఆమెకి అర్థమైంది. అవి ఖాళీ తొక్కలు, గింజలంటే కింద ఉన్న ఆ దుమ్మే అని చెప్పింది. ఆ దుమ్ము ఏదని అడిగింది.

"ఊదేశానక్కా," అన్నాడు.

ఆమె కుండీని పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది. పద్దెనిమిదేళ్ళు ఏరి ఏరి దాచినదాన్ని ఆరు ఊదులతో పోగొట్టిన తన చేతుల్ని చూసుకుంటే అసహ్యం వేసింది. ఆ రెండు రోజులూ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ఇంట్లో గడియారాలన్నీ వాటి మానాన అవి కొట్టుకున్నాయి.

మూడోరోజు పొద్దున మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళబోతుంటే, గోడవైపు తిరిగే ఉన్న అక్క నోరు విప్పింది.

"ఎటు ఊదావు?"

"ఆఁ?"

"కిటికీలోంచి ఊదితే ఎటు పోయింది అంటున్నాను. ఆ గింజకి మట్టి కప్పితే మొలవదు. పైన పడాలి, వెలుగు తగలాలి, కింద తడి ఆరకూడదు. అంతే. నాటేవాడి తెలివి దానికి అక్కర్లేదు. వెళ్ళి వెతుకు."

కిటికీ కింద ఉన్నది లాండ్రీవాళ్ళ పెరడు. గడియారాలవాళ్ళకి వెతకడంలో ఒక పద్ధతి ఉంటుంది. నలుసంత స్క్రూ నేలరాలితే కంగారుగా కాలు కదపరు. నేలమీద సుద్దముక్కతో గళ్ళు గీసి, భూతద్దం పెట్టి, గడి తర్వాత గడి చూసుకుంటూ పోతారు. చూసిన గడికి ఇంటూ కొడతారు. అరసెకను పెరడంతా గళ్ళు గీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కంటికి భూతద్దం బిగించి, నేలకి ముక్కు ఆనించి మొదటి గడిలోకి దిగాడు.

తడి దుప్పట్లు ఆరేయడానికి వచ్చిన లాండ్రీ ఆవిడ కాసేపు చూసింది. ఏం పోయింది అన్నయ్యగారూ, వజ్రమా అని అడిగింది. దుమ్మమ్మా అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి, ఇస్త్రీ ఆపేసి, భర్తని కూడా తీసుకొచ్చింది. సంగతంతా విన్నాక మాత్రం ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. ప్రతి శనివారం పెరడంతా బ్లీచింగ్ పొడి చల్లి చీపురుతో కడగడం వాళ్ళ అలవాటు. ఈమధ్య మూడు శనివారాలు గడిచాయి.

అయినా అతను ఆపలేదు. మధ్యాహ్నానికి నలభై గళ్ళకి ఇంటూలు పడ్డాయి. ఏమీ లేదు. ఇక మిగిలింది గోడ వారనున్న పాత రాతి తొట్టి. అంచు పగిలిందని దాన్ని వాడడం మానేశారు, వాడడం లేదని కడగడం కూడా మానేశారు. దానిపైన పాడైన కుళాయి ఒకటి రాత్రనక పగలనక బొట్టుబొట్టుగా కారుతుంటుంది. తొట్టి అంచు మీద నాచు పట్టి ఉంది. అతను లేచి, నడుం పట్టుకుని, ఆ నాచు మీదికి వంగాడు.

మొదట నాచే అనుకున్నాడు. తర్వాత దాని మధ్య వేరే పచ్చదనం ఉందని కన్ను పట్టేసింది. ఒక కాడ, కాడ మీద రెండు ఆకులు. గుండుసూది తలకాయ మీద రెండూ పడతాయి. అయినా పనితనంలో ఎక్కడా లోపం లేదు. ఆకుకి అంచుంది, అంచు మీద నీటి తేమ ఉంది, రెండాకుల మధ్య మూడోది చుట్టుకుని కూర్చుంది. దాని పక్కన ఇంకోటి. దాని వెనక పది. భూతద్దం కొద్దిగా జరిపాడు. పగులు పొడవునా, అంచు కిందిదాకా, నేల ఈనినట్టు మొలకలు. ఊపిరి తగిలితే ఎగిరిపోయే దుమ్ములోంచి ఇంత వచ్చిందా అనుకున్నాడు. జీవితమంతా చిన్నవాటిని చూసిన మనిషి, తానింతవరకు చూసినవేవీ చిన్నవి కావని తెలుసుకున్నాడు. ఆ చక్రాలూ స్ప్రింగులూ మనిషి చేసినవి. ఇది ఎవరూ చెయ్యలేదు. పైగా తాను చెడగొట్టాక కూడా వచ్చింది.

మెట్లన్నీ పరుగున ఎక్కి అక్కకి చెప్పాడు. ఈసారి స్ప్రింగులతో గిస్ప్రింగులతో పోల్చలేదు. ఉన్నాయక్కా అన్నాడు, అంతే. ఆమె అతని మొహం దగ్గరికి లాక్కుని, తన చూపు గొట్టంలో పట్టినంత మేర చూసి, నిజమేనని నమ్మింది.

మొక్కల్ని కుండీలోకి మార్చి పైకి తెస్తానన్నాడు. వేళ్ళు రాతి పగుల్లోకి దిగాయని విని ఆమె వద్దంది. లాగితే తెగుతాయి, కుదురుకున్నచోటే ఉండనీ అంది. నువ్వెలా చూస్తావు అని అతను అడిగాడు. అది తన సంగతంది.

ఆ తర్వాత రెండు నెలలూ పెరట్లో ఎవరి పెత్తనమూ సాగలేదు. శనివారం బ్లీచింగ్ పొడి తొట్టికి నాలుగు బారల దూరంలో ఆగిపోయింది. కుళాయి బాగుచేస్తానని వచ్చిన ప్లంబరుని, దాన్ని ముట్టుకుంటే ఊరుకోనని లాండ్రీ ఆవిడ వెనక్కి పంపింది. జీవితంలో మొదటిసారి అరసెకను కూడా చెడిపోయిన వస్తువు పక్షాన నిలబడ్డాడు.

గొడవ ఒక్కసారే వచ్చింది. మొక్కలు వేలెడంత అయ్యాక చివర్లు గిల్లెయ్యమంది అక్క. గిల్లితేనే పక్క కొమ్మలు వేసి గుబురుగా అవుతాయి. కానీ గిల్లితే పూత పదిరోజులు వెనకబడుతుంది. అప్పటికి ఆమె చూపు ఇంకా చిక్కింది. మొన్నమొన్నటిదాకా భోజనం దగ్గర తమ్ముడి మొహమంతా కనిపించేది, ఇప్పుడు ముక్కు కనిపిస్తే నోరు కనిపించడం లేదు. పదిరోజులు ఎక్కడినుంచి తెస్తావు అని అతను గట్టిగానే అరిచాడు. సగం పూత చూడ్డానికి తాను దిగనని, పని చేస్తే సరిగ్గా చెయ్యాలని ఆమె అంతకంటే గట్టిగా చెప్పింది. గెలిచింది ఆమే. అతను శ్రావణంతో ఒక్కొక్క చివరా గిల్లాడు. గిల్లిన ప్రతిసారీ ఆమె చూపులోంచి కాస్త గిల్లుతున్నట్టే అనిపించింది. తర్వాత పూత కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాడు.

పన్నెండోరోజు పొద్దున పెరట్లోకి దిగి, అక్కడే ఆగిపోయాడు. తొట్టి కనిపించలేదు. అంచు మీద, పగుల్లో, కుళాయి కింద, గోడ మొదలుదాకా ఒకటే నీలం పొర్లుతోంది. లాండ్రీ ఆవిడ ఉతికిన దుప్పటి చేతిలో పట్టుకుని, ఆరేయడం మర్చిపోయి నిలబడి ఉంది. రాత్రి ఇలా లేదు అన్నయ్యగారూ అంది.

ఒక కొమ్మ తుంచి తెస్తానంటే అక్క ఒప్పుకోలేదు. చెప్పులు వేసుకుంది. అతను ముందు, అతని భుజం మీద చెయ్యి వేసి ఆమె వెనక. నలభై రెండు మెట్లు. ప్రతి మెట్టు మీదా ముందు ఒక పాదం తడిమేది, తర్వాత రెండోది దించేది. మధ్యలో రెండుసార్లు ఆగి ఇక చాలు అంది, రెండుసార్లూ మళ్ళీ తానే కదిలింది. కిందికి చేరేసరికి అతని చొక్కా ఆమె పిడికిట్లో నలిగి ముద్దయింది.

తొట్టి ముందు ముక్కాలిపీట వేశారు. ఆమె చూపు ఇప్పుడు పావలా బిళ్ళంత. అందులో ఏకకాలంలో రెండు పూలో మూడు పూలో పడతాయి. అరసెకను తన భూతద్దం తీసి ఆమె కంటికి పెట్టాడు. నలభై ఏళ్ళలో దాన్ని ఇంకొకరి చేతికిచ్చింది లేదు. ఆమె వంగింది. ఒక పూవు. దాని పక్కది. దాని పక్కది. పెరడంతా చూసే చూపు ఉంటే ఒక్క క్షణంలో చూసేసి ఆహా అని వెళ్ళిపోయేది. పావలా బిళ్ళంత చూపుకి ఆ తొట్టి ఒక దేశమంత అయింది. ఆమె ఆ దేశమంతా తిరిగింది. నీడలు జరిగాయి, దుప్పట్లు ఆరాయి, ఆమెని ఎవరూ కదపలేదు.

"నలభై నాలుగు," అంది తల ఎత్తకుండానే. మరి కాసేపటికి, "టైం ఎంతయిందిరా?"

అరసెకను మణికట్టు వైపు చూసుకోలేదు. "తెలీదక్కా," అన్నాడు.

ఆ పూత ఎండలు ముదిరేదాకా ఉంది. ఆమె రోజూ దిగింది. చూపు పావలా నుంచి గుండీకి, గుండీ నుంచి సూదిబెజ్జానికి తగ్గింది, ఒకరోజు ఏమీ లేకుండా పోయింది. ఆ రోజు కూడా మెట్లు దిగి, వేళ్ళతో కాయలు ఏరింది.

మళ్ళీ చలి మొదలైంది. అరసెకను కిటికీ మూశాడు. రబ్బరు బుడ్డిని సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి లాండ్రీ ఆవిడకిచ్చాడు. తడిమట్టి సర్దిన కుండీ అక్క ముందు పెట్టి, కాయలు నలిపి, ఆ దుమ్ముని పొడి ఇసుకతో కలిపి ఆమె దోసిట్లో పోశాడు. గింజని చోటు చూసి పెట్టే పని లేదు కనుక కళ్ళతో పని లేదు. ఆమె వేళ్ళ సందుల్లోంచి మెల్లగా జార్చింది. ఎక్కడ పడాలో అక్కడ పడుతోంది. అతను రెండు చేతులతో నోరూ ముక్కూ మూసుకుని, బిగబట్టి చూస్తున్నాడు. గదిలో అతని అలికిడి లేకపోవడం ఆమెకి వినిపించింది.

"ఊపిరి పీల్చుకోరా, చచ్చిపోతావు," అంది. "మొహం మాత్రం అటు తిప్పుకో."